దుమ్ముకు బెల్లం విరుగుడు అనుకున్నాం

ఇప్పుడు బాగానే ఉన్నాను. బాగా అంటే, ఇంటి నుంచి కిరాణా కొట్టు దాకా మధ్యలో ఒక్కసారి ఆగి పోయి రాగలను. పక్క మీద వాలి నిద్రపోగలను. రెండేళ్ళ కింద గోడకు ఆనుకుని కూర్చునే కళ్ళు మూసేదాన్ని. ఈ జబ్బు మళ్ళీ ఎప్పుడు ముదురుతుందో తెలియదు కాబట్టి, దమ్ము ఉండగానే రాసి పెడదామని కూర్చున్నాను. బండల పని చేసేవాళ్ళు చదవాలని నా ఆశ. చదవడం రానివాళ్ళకు ఇంట్లో పిల్లలెవరైనా వినిపించండి. నాకూ యాభై దాటాకే అక్షరాలు వచ్చాయి, మా కోడలు సుజాత పలక మీద దిద్దించింది. కాబట్టి ఇందులో గొప్ప మాటలు వెతకొద్దు.

నా పేరు అనంతమ్మ. మాది తాండూరు. ఇరవై రెండేళ్ళు ఒకే పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాను. గని నుంచి వచ్చిన బండలను పెద్ద మిషిన్ల మీద నీళ్ళు పోస్తూ నున్నగా చేస్తారు. అక్కడ దుమ్ము లేవదు, బురద అవుతుంది. కానీ బండ అంచులు గుండ్రంగా చేసేది చేతి గ్రైండర్లతో. అది కరెంటు సామాను, నీళ్ళు తగిలితే షాక్ కొడుతుంది. అందుకని ఆ రేకుల షెడ్డులో అంతా పొడి పనే. ఆ పొడి ముగ్గుపిండి లాగా కింద పేరుకుంటుంది. నేను, ఖాజాబీ అనే ఇంకొక ఆమె, దాన్ని చీపురుతో ఊడ్చి సంచులకు ఎత్తేవాళ్ళం. నీళ్ళు చల్లితే గట్టిపడి నేలకు పట్టుకుంటుందని చల్లనిచ్చేవాళ్ళు కాదు. సాయంత్రానికి మేము ఇద్దరం నవ్వితే ముఖం మీద పిండి పగిలేది.

మొదటి ఎండాకాలం

దగ్గు ఎప్పటి నుంచో ఉంది. బండల పనిలో దగ్గని మనిషిని నేను చూడలేదు కాబట్టి దాన్ని రోగం అనుకోలేదు. ఆ ఎండాకాలం మా అక్క మనవరాలి పెళ్ళికి పోదామని రైలు స్టేషన్‌కు పోయాను. వంతెన మెట్లు సగం ఎక్కి కూర్చుండిపోయాను. ఛాతీ మీద ఎవరో బండ పెట్టినట్టు కాదు, అట్లా అందరూ రాస్తారు. నాకు అయింది వేరు. గాలి ముక్కు దాకా వస్తోంది, లోపలికి పోవడం లేదు. తలుపు బయట నిలబడ్డ చుట్టం లాగా.

వెనక వస్తున్న ఒకామె కసిరింది. "ఏందవ్వా, తొవ్వల కూసున్నవ్? బండి పోతది!"

"పోతే పోనియ్యి. నా పానం పోకుంటే సాలు" అన్నాను.

ఆ మాటకు ఆమె తన బండి వదిలేసుకుని నా పక్కన కూర్చుంది. సీసాలో నీళ్ళు తాగించింది. ఎవరో, ఏ ఊరో అడగలేదు నేను. ఈ రెండేళ్ళలో నాకు మేలు చేసినవాళ్ళ వరుసలో మొదటి మనిషి ఆమె. పెళ్ళికి పోలేదు.

మా వాడలో సూది వేసే డాక్టరు దగ్గర నెల తిరిగాను. తగ్గలేదు. తర్వాత ఒక ప్రైవేటు క్లినిక్‌కు పోతే చీటీ రాసే అమ్మాయి "ఏం పని?" అని అడిగింది. "కూలి" అన్నాను. మా వాడలో అందరం అదే చెప్తాం. చేనుకు పోయినా కూలే, బండలు మోసినా కూలే, ఇసుక ఎత్తినా కూలే. అక్కడి డాక్టరు ఛాతీ ఫోటో తీయించి, వెలుతురుకు పెట్టి చూసి, "టీబీ" అన్నాడు. తెమడ పరీక్షలో ఏమీ కనపడలేదట, అయినా మందులు మొదలుపెట్టారు. నేనూ ఎదురు చెప్పలేదు. తొమ్మిదేళ్ళ కింద మా ఆయన సాయన్న పోయింది ఆ పేరుతోనే. ఆయన అదే షెడ్డులో గ్రైండర్ పట్టేవాడు.

వానల నుంచి చలికాలం దాకా

ఆరు నెలలు ఆ మందులు మింగాను. ఆ ఆరు నెలల గురించి నిజం చెప్పాలి, మా ఇంట్లోవాళ్ళు కోపగించుకున్నా సరే.

సుజాత నాకు వేరే గిన్నె, వేరే గ్లాసు పెట్టింది. మనవరాలిని నా దగ్గరికి రానివ్వలేదు. ఆమె తప్పు లేదు, క్లినిక్‌లో అట్లాగే చెప్పారు. కానీ అలవాటుగా నా ఒళ్ళోకి వచ్చే పిల్లను గడప దగ్గరే రెక్క పట్టి ఆపుతుంటే, ఆ రోగం కంటే అది ఎక్కువ నొప్పి. ఒకరోజు కోపం ఆగక గ్లాసు విసిరికొట్టాను. మా కొడుకు నర్సింలు ఆటో ఆపి లోపలికి వచ్చాడు.

"ఏందమ్మా గీ లొల్లి? మందులు తిని సప్పుడు జెయ్యక పండుకో రాదు?"

"పండుకుంటే దమ్ము ఆడుత లేదురా. నువ్వు పండుకో, నేను సూస్త."

వాడు తల పట్టుకుని ఆటో తీసుకుని పోయాడు. సుజాత గ్లాసు తీసి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టింది. మాట అనలేదు. ఆమె మౌనం నాకు అప్పుడు పొగరనిపించింది. ఏడవకుండా ఆపుకోవడమని తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో భయం లేకుండా వచ్చిన మనిషి ఖాజాబీ ఒక్కతే. పని దిగి, ముఖం కడుక్కుని, వారానికి రెండుసార్లు వచ్చేది. జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి నా గిన్నెలోనే వేసుకుని తినేది. సుజాత వద్దన్నా వినేది కాదు.

"జర దూరం కూసో ఖాజాబీ, అంటుకుంటది" అన్నాను.

"ఇరువై ఏండ్ల సంది ఒక్క దుమ్ము తింటున్నం అక్కా. ఇంగ నీ ఎంగిలికి భయపడాల్నా?" అని నవ్వి, దగ్గింది. ఇద్దరం కలిసి దగ్గాం. ఆ దగ్గును అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఆరు నెలలు అయ్యాయి. నేను సగం అయ్యాను. దమ్ము మాత్రం పెరగలేదు.

వికారాబాద్ బెంచీ

చివరికి సుజాతే అంది, వికారాబాద్ పోదామని. పొద్దున ప్యాసింజర్‌లో కిటికీ పక్క నన్ను కూర్చోబెట్టి, తను నిలబడే వచ్చింది. అక్కడి దవాఖానలో బెంచీ మీద మేము నాలుగు దినాలు, విడివిడిగా, కూర్చున్నాం. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళను నేను మరచిపోలేను. బంట్వారం నుంచి తండ్రిని తెచ్చిన ఒకతను ఉన్నాడు. ముసలాయన ఉమ్మిన ప్రతిసారీ బట్టతో తుడిచి, చుట్టూ చూసి సిగ్గుపడేవాడు. మోమిన్‌పేట నుంచి ఆటో, బస్సు మారి వచ్చిన పెద్దమనిషి తన వరుస నంబరు నాకు ఇచ్చి, నా నంబరు తను తీసుకున్నాడు.

"నాది ఉత్త మోకాలు నొప్పి, నడువలేను గని కూసోగలను. నువ్వు కూసోలేకపోతున్నవ్, ముందు పో."

లోపల చిన్న వయసు డాక్టరమ్మ. ఫోటో చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. "నువ్వు ఏం పని చేస్తావమ్మా?" అంది.

"కూలి."

"ఏం కూలి?"

ఏడాది నుంచి ఎంతమంది చూశారు నన్ను. ఆ రెండో ప్రశ్న వేసింది ఆమె ఒక్కతే. చెప్పాను. దుమ్ము పొడిదా తడిదా అని అడిగింది. షెడ్డుకు కిటికీలు ఉన్నాయా, మూతికి బట్ట కట్టేదానివా, ఎన్నేళ్ళు, రోజుకు ఎన్ని గంటలు. అన్నీ అడిగి, "నీకు రాయడం వచ్చా?" అంది. వచ్చని సుజాత నాకంటే ముందు చెప్పింది. "అయితే పుట్టినప్పటి నుంచి చేసిన పనులన్నీ, ఎక్కడ, ఎన్నేళ్ళు, నువ్వే రాసుకుని రా. ఎవరితోనూ రాయించకు. నువ్వు చేసిన పని నీకే తెలుసు."

నాలుగు రోజులు రాశాను. మేకలు కాసిన దగ్గర నుంచి మొదలుపెట్టాను. నా అక్షరాలు కందిగింజలంత ఉంటాయి కాబట్టి తొమ్మిది కాగితాలు అయ్యాయి. డాక్టరమ్మ నవ్వకుండా తొమ్మిదీ చదివింది. పట్నం పంపి పెద్ద స్కానింగ్ తీయించింది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. ఇది టీబీ కాదు. బండలో ఇసుక లాంటి గుణం ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి గట్టిపడింది. సిలికోసిస్ అంటారు. ఎవరికీ అంటుకోదు. పోదు కూడా.

పోదు అన్న మాట నాకు తర్వాత గుర్తొచ్చింది. ఆ క్షణం నాకు వినపడింది అంటుకోదు అన్నదే. సుజాత నా చెయ్యి పట్టుకుని అక్కడే ఏడ్చింది. ఆ రోజు ఇంటికి రాగానే నా వేరే గిన్నె, గ్లాసు తీసుకుపోయి పాతసామాను వాడికి ఇచ్చేసింది.

"ఇత్తడి గ్లాసు గద, ఎందుకిచ్చినవే!" అని తిట్టాను. ఆమె నవ్వింది. అత్తా కోడళ్ళం మళ్ళీ అత్తా కోడళ్ళం అయ్యాం.

మళ్ళీ ఎండాకాలం

డాక్టరమ్మ ఇంకొక మాట చెప్పింది. ఇది పని వల్ల వచ్చే జబ్బు, చట్టంలో ఈ పేరు ఉంది, యజమాని నుంచి నష్టపరిహారం అడగవచ్చు అని. ఒక వకీలు సారును సుజాత వెతికిపట్టింది. ఆయన కూలీల కేసులే చూస్తాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. ఆయన నాకు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. నీకు ఆ జబ్బు ఉందని చూపాలి, అది కాగితాల్లో ఉంది. ఆ జబ్బు తెచ్చే పనిలో నువ్వు ఏళ్ళ తరబడి ఉన్నావని చూపాలి. ఈ రెండూ నిలబడితే, జబ్బు పని వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది. కాదని చూపే బరువు అప్పుడు వాళ్ళ మీద పడుతుంది.

నర్సింలు ఒప్పుకోలేదు. "సేటుతోని మనకెందుకే అమ్మా? గాయన బండలు నా ఆటోల కూడ ఏసుకపోత. రేపు పిలుస్తడా?"

నాకూ సేటు మీద పగ లేదు. కానీ ఒకటి మనసులో పట్టుకుంది. సాయన్న చావు కాగితంలో టీబీ అని ఉంది. ఆయనది నిజంగా టీబీయో, ఈ దుమ్మో, ఇప్పుడు ఏ డాక్టరూ చెప్పలేడు. నా ఊపిరితిత్తులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. అవి ఎవరి వల్ల పాడయ్యాయో ఒక అధికారి చేత చెప్పించాలి. అదే చెప్పాను కొడుకుకు.

"నాయిన పేరు తీసినంక నేనేం మాట్లాడాలె" అని, విచారణ రోజున తనే ఆటోలో స్టేషన్‌కు దింపాడు.

విచారణ

వికారాబాద్ లేబర్ ఆఫీసులో చిన్న గది, ఫ్యాను, బల్ల, మూడు కుర్చీలు. విచారణ అధికారి కటువుగా కనిపించినా, నేను మెట్లెక్కి వచ్చిన ప్రతిసారీ దమ్ము కూడేదాకా ఆగి, అప్పుడే నా పేరు పిలిచేవాడు. నోరు తెరిచి ఆ మాట ఒక్కసారీ చెప్పలేదు, ఫైలు తిరగేస్తున్నట్టు ఉండేవాడు. నాకు తెలుసు.

సేటు తరఫు వకీలు అడ్డం వేసినవి ఒకటి కాదు. దవాఖాన చీటీల్లో కూలి అని ఉంది, చేను కూలి కూడా కూలే అన్నాడు. తాండూరు బండ సున్నపురాయి, అందులో జబ్బు తెచ్చే గుణం ఉండదు అన్నాడు. ఉంటుందని డాక్టరమ్మ రాసిన కాగితం మా వకీలు సారు చూపించాడు. ముందు టీబీ మందులు వాడింది కదా అన్నాడు. తెమడ పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్న కాగితాలు పెట్టాం. ఆ తర్వాత పొయ్యి మాట తీశాడు. ఆడవాళ్ళు కట్టెల పొయ్యి పొగ పీల్చి పీల్చి దమ్ము తెచ్చుకుంటారు, ఈమెదీ అదే అన్నాడు.

సుజాతను సాక్షిగా పిలిచారు. కొంగు దోపి నిలబడింది.

"మీ అత్తగారు ఎన్నేళ్ళ నుంచి కట్టెల పొయ్యి మీద వండుతున్నారు?"

"పొయ్యా? మా అత్త పొయ్యి కాడికి ఎప్పుడొచ్చింది సారూ? నేను కాపురానికొచ్చి పన్నెండేండ్లు. వచ్చిన తెల్లారి చెంచా నా చేతుల పెట్టింది. మల్ల ముట్టలే. చాయ్ కూడ నేనే పెట్టాలె, గది గుడ గ్యాసు మీద. కావాల్నంటే వాడకట్టుల అడుగుండ్రి, నేను అందరికి చెప్పుకున్న ముచ్చటే."

గదిలో అందరూ నవ్వారు. అధికారి కూడా పెన్ను పెదాలకు అడ్డం పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళుగా నా మీద ఉన్న ఫిర్యాదు ఆ రోజు నాకు అక్కరకు వచ్చింది.

కానీ అసలు ముడి విడలేదు. ఫ్యాక్టరీ రిజిస్టరులో నా పేరు ఎదురుగా "స్వీపర్, ఆఫీసు ఆవరణ" అని ఉంది. గ్రైండర్ షెడ్డు లోపలికి ఈమె పోయే పనే లేదు, ఆఫీసు ముందు వాకిలి ఊడ్చేది అని మేనేజరు చెప్పాడు. షెడ్డులో నన్ను చూసినవాళ్ళు ఇరవై మంది ఉంటారు. ఒక్కరూ రాలేదు. పని పోతుందని భయం. అది నాకు అర్థమైంది. ఖాజాబీ కూడా రాలేదు. ఆమె కొడుకు సేటు లారీ నడుపుతాడు. నేను ఆమె ఇంటికి పోయి అడిగాను. గుమ్మం దగ్గర నిలబడి, నేల చూస్తూ, "నన్ను అడగకు అక్కా" అంది. లోపలికి రమ్మనలేదు. ఇరవై ఏళ్ళలో అది మొదటిసారి. తిరిగి వస్తుంటే దారిలో మూడుసార్లు ఆగాల్సి వచ్చింది, అందులో దమ్ము వల్ల ఆగింది ఒక్కసారే.

"నువ్వు షెడ్డు లోపలనే పనిచేసినవని చూపేది ఇంకేమన్న ఉందా అమ్మా? చిన్నదైనా సరే, చెప్పు" అని అడిగాడు వకీలు సారు.

లేదన్నాను. అబద్ధం చెప్పాను.

ఉంది. మా ఫ్యాక్టరీలో ముసలి సేటు కాలం నుంచి ఒక రివాజు. పని దిగేటప్పుడు షెడ్డు వాళ్ళకు తలా ఒక బెల్లం గడ్డ ఇస్తారు. బెల్లం గొంతులో దుమ్మును కిందికి దింపుతుందని నమ్మకం. బండల పనిలో అందరూ నమ్మేదే. సాయన్న ఉన్నప్పుడు ఆయన పంచేవాడు. ఆయన పోయాక ఆ పళ్ళెం నా చేతికి వచ్చింది. ఒక్కొక్కరి అరచేతిలో నేనే పెట్టేదాన్ని. మూతికి బట్ట కట్టుకున్న కొత్త పిల్లలను నేనే ఎగతాళి చేసేదాన్ని. "పెండ్లికూతురు లెక్క గా ముసుగేందిరా? బెల్లం తిను, ఏం కాదు" అని. డాక్టరమ్మను అడిగాను, బెల్లం దుమ్మును దింపుతుందా అని. బెల్లం కడుపులోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ రెండు దార్లు వేరు అంది. ఆ రోజు నుంచి నాకు నా చెయ్యి చూసుకోవాలంటే సిగ్గు. ఎంతమంది పిల్లలకు పెట్టాను. ఎంతమంది బట్ట విప్పించాను.

ఇంకొకటి కూడా ఉంది. ముసలి సేటు మంచి మనసుతో పెట్టిన బెల్లం అది. తిన్న నోటితో దాన్నే ఆయన ఇంటి మీదికి తీసుకుపోవడం నాకు నచ్చలేదు.

రైల్లో తిరిగి వస్తూ సుజాతకు చెప్పాను. ఆమె నా మీద విరుచుకుపడింది.

"గా ముచ్చట దాస్తవా అత్తమ్మా? బెల్లం ఇచ్చిండ్రంటే దుమ్ముందని వాళ్ళకు ఎరుకే గద! గది నువ్వే పంచినవంటే నువ్వు లోపలున్నట్టే గద!"

"నా నోటితోని నేనెట్ల చెప్పాలె? పోరగాళ్ళకు మూతిబట్టలిప్పిచ్చిన అని చెప్పాల్నా?"

"చెప్పు. నువ్వు చెప్తే గా పోరగాళ్ళు ఇప్పుడన్న కట్టుకుంటరు."

మా ఎదురు సీటులో సేడం పోయే కన్నడ ఆమె ఒకతె కూర్చుని ఉంది. మాకు జరిగే గొడవ ఎంత అర్థమైందో ఏమో, నా మోకాలి మీద చెయ్యి వేసి తన సంచిలో నుంచి ఒక సీతాఫలం తీసి పెట్టింది. అది తింటూ తాండూరు దాకా ఆలోచించాను.

తరువాతి విచారణలో చెప్పాను. దాచకుండా, మూతి బట్టలు విప్పించిన సంగతితో సహా. అధికారి అడిగాడు, బెల్లం ఎవరెవరికి ఇచ్చేవాళ్ళని.

"దుమ్ముల ఉన్నోళ్ళకే సారూ. నీళ్ళ మిషిను మీదోళ్ళు చెయ్యి చాపితే, నీకేం దుమ్ము తగిలిందని బెల్లం అని మేనేజరు సారే తిట్టేటోడు."

అధికారి మేనేజరు వైపు తిరిగాడు. "నిజమేనా?"

మేనేజరు లేచి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మనిషి, నన్ను అక్కా అని పిలిచేవాడు. "నిజమే సార్. పెద్ద సేటు కాలం నుంచి ఉన్న రివాజు. పండుగ రోజు కూడా తప్పలేదు సార్, మా కూలోళ్ళను మేం గట్ల చూసుకుంటం."

"బెల్లం పంచడానికి ఈమె చేతికే ఎందుకిచ్చేవాళ్ళు?"

"పొద్దుమాపు గ్రైండర్ల కాడనే ఉంటది గద సార్, అందరు ఆమె కండ్ల ముందరనే ఉంటరని..."

అక్కడ ఆగాడు. వాళ్ళ వకీలు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అధికారి రాసుకుంటూ, "ఇంకొకసారి చెప్పండి" అన్నాడు. మేనేజరు ఇంకొకసారి చెప్పాడు, ఈసారి మెల్లగా, ఒక్క మాట మార్చకుండా.

బయట చాయ్ బండి దగ్గర ఆయన నాకు ఎదురుపడ్డాడు. "దమ్మెట్లుంది అక్కా?" అన్నాడు. గట్లనే ఉందని చెప్పాను. తల ఊపి పోయాడు. లోపల ఆయన నోరు జారిందో, కావాలనే అన్నాడో, ఈనాటికీ నాకు తెలియదు. మార్చుకునే అవకాశం రెండోసారి ఇచ్చారు, మార్చుకోలేదు. ఎట్లా అన్నా సరే, ఆయనకు నేను చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఈ యేడు

వానలు మొదలయ్యాక తీర్పు కాగితం వచ్చింది. ఎంత ఇవ్వమన్నారో ఇక్కడ రాయను, అది మందులకూ ఇంటికీ సరిపోతోంది. ఆ కాగితంలో నాకు కావలసిన వాక్యం మూడో పేజీలో ఉంది. దరఖాస్తుదారుకు వచ్చిన వ్యాధి ఆమె చేసిన పని నుంచి, పని జరుగుతున్న కాలంలోనే వచ్చిందని తేలినది. వేలు పెట్టి చదివాను. సాయన్న ఫోటో ముందు పైకి చదివాను. నర్సింలు గడపలో కూర్చుని విన్నాడు, వాడు వాళ్ళ నాయన గురించి ఒక మాట అడగబోయి, అడగకుండానే మనవరాలిని ఎత్తుకుని బయటికి పోయాడు.

వారానికి ఖాజాబీ వచ్చింది. చేతిలో ఛాతీ ఫోటో కవరు. గుమ్మం బయటే నిలబడింది.

"ఏ మొఖంతోని లోపలికి రావాలె అక్కా."

నాకు కోపం లేదని రాస్తే అబద్ధం. కానీ ఆమె నిలబడ్డ తీరు చూశాను, గుమ్మం పట్టుకుని, నోటితో గాలి తీస్తూ. ఆ తీరు నాకు తెలుసు.

"మొఖం ఆడనే ఇడిసిపెట్టి మనిషివి లోపటికి రా. చాయ్ పెట్టమంటవా?"

"నువ్వు పెడ్తవా?"

"నేనెప్పుడు పెట్టిన? కోర్టుల రాసుకున్నరు గద. సుజాత పెడ్తది."

ఆమె నవ్వి, దగ్గి, కూలబడి ఏడ్చింది. కొడుకుకు వేరేచోట లారీ పని దొరికిందని, ఇంక భయం లేదని, భయం లేకపోయాక తనకు నిద్ర పట్టడం లేదని చెప్పింది. డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. అదే రోగం, నాకంటే కొంచెం తక్కువ. వకీలు సారు ఆమె కేసు వేశాడు. ఆమె పేరు ఎదురుగా కూడా రిజిస్టరులో వాకిలి అనే ఉంది.

చదివేవాళ్ళకు నేను చెప్పేది కొంచెమే. దవాఖానలో ఏం పని అని అడిగితే కూలి అనకండి. అడగకపోయినా చెప్పండి, ఏ దుమ్ములో, ఎన్నేళ్ళు, ఎన్ని గంటలు. మూతికి బట్ట కట్టండి, ఇంకా మంచిది డాక్టరు చెప్పిన మాస్కు. నా లాంటి ముసలిది ఎవరైనా ఎగతాళి చేస్తే చేయనివ్వండి. చీటీలు, ఫోటోలు పారేయకండి. ఇంట్లో ఎవరికైనా టీబీ అని ఆరు నెలల మందులకూ తగ్గకపోతే, ఇంకొక డాక్టరుకు చూపించండి. నాకు నంబరు ఇచ్చిన మోమిన్‌పేట పెద్దాయనకు, వంతెన మెట్ల మీద బండి వదిలేసుకున్న ఆమెకు, సీతాఫలం పెట్టిన కన్నడ తల్లికి, డాక్టరమ్మకు, వకీలు సారుకు, ఎవరికీ నేను ఏమీ తిరిగి ఇవ్వలేదు. వాళ్ళు అడగనూ లేదు.

పోయిన నెల ఖాజాబీ కేసులో నేను సాక్ష్యానికి పోయాను. అదే గది, అదే సేటు వకీలు ఎదుట. ఆయన కళ్ళద్దాలు సరిచేసుకుని అడిగాడు.

"మీ కేసులో ఆమె రాలేదు కదా. ఇప్పుడు ఆమె కోసం మీరెందుకు వచ్చారు?"

"ఆమె రాలేదని నేను షెడ్డుల లేకుండ పోతనా సారూ? ఉన్న. సూసిన. సూసింది చెప్పనీకొచ్చిన."

అక్కడికి దమ్ము అయిపోయింది. బల్ల అంచు పట్టుకున్నాను. బెంచీ మీద నుంచి ఖాజాబీ లేవబోయి తనూ లేవలేకపోయింది. అధికారి కుర్చీ తెప్పించి, కూర్చునే చెప్పమన్నాడు. గాలి లోపలికి వచ్చేదాకా ఎవరూ తొందరపెట్టలేదు. ఆ తర్వాత అధికారే అడిగాడు, షెడ్డులో ఆమె నాకు ఎంత దూరంలో ఊడ్చేదని.

అడుగుల్లో నాకు తెలియదు. ఖాజాబీ వైపు చూశాను.

"చెయ్యి చాపితే అందేంత" అన్నాను. అట్లాగే రాసుకున్నారు.